పెడల్ స్టీల్‌కి కొత్త ట్యూనింగ్: నాలుగు దారులు, ఒక్కోదానిలో వచ్చేదీ పోయేదీ

పెడల్ స్టీల్ గిటార్‌కి అందరూ ఎక్కువగా వాడే ట్యూనింగ్ (ఖాళీ తీగల శ్రుతి ఏర్పాటు) ఇ9. దాని మీద చేయి తిరిగినవాళ్లలో చాలామందికి ఒక దశలో ఈ అనుమానం వస్తుంది: నేను వాయిస్తున్నది నాకు తోచిన సంగీతమా, ఈ పెడళ్లు వాయించమన్న సంగీతమా? ఏ పాట ఎత్తుకున్నా బార్ (తీగల మీద ఆనించి జరిపే ఉక్కు కడ్డీ) అవే మూడు చోట్లకి వెళ్తుంది. పాదం అవే రెండు పెడళ్ల మీద వాలుతుంది. సరిగ్గా అప్పుడే ఎవరిదో వింత ట్యూనింగ్ చార్టు కంటపడుతుంది, గిటార్ తిరగేసి, పెడళ్లను తీగలకి కలిపే రాడ్లన్నీ విప్పేయాలనిపిస్తుంది.

విప్పే ముందు చదవడానికి ఈ పోలిక. మీ దగ్గర పది తీగల ఇ9 గిటార్ ఉందని, మూడు పెడళ్లు, నాలుగైదు మోకాలి లీవర్లు వాడటం వచ్చని అనుకుని రాస్తున్నాను. దారులు నాలుగు: ఇ9లోనే ఒకటి రెండు మార్పులు చేసుకోవడం, స్వింగ్, జాజ్ వైపు మొగ్గే సి6 ట్యూనింగ్‌కి వెళ్లడం, ఆ రెండిటినీ కలిపిన పన్నెండు తీగల యూనివర్సల్ తీసుకోవడం, మేజర్, మైనర్ థర్డ్‌లను (నాలుగు, మూడు ఫ్రెట్ల దూరాలను) దొంతరగా పేర్చిన ట్యూనింగ్‌ను సొంతంగా కట్టుకోవడం. చివరిది ఎవరూ పెద్దగా వాడనిది. అందుకే దాని గురించి ఎక్కువ చెప్తాను.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

ట్యూనింగ్ అనగానే అందరూ ఖాళీ తీగలు ఏ కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) పలుకుతాయో చూస్తారు. నా దృష్టిలో అది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, బార్ కదలకుండా ఉండగా ఏ తీగ ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుంది అన్నది. వీణ మీద మెట్టు దగ్గర తీగను పక్కకి లాగి గమకం పలికించినట్టు, ఇక్కడ ఆ లాగే పని పాదమూ మోకాలూ చేస్తాయి. పైగా కొన్ని తీగలు కదులుతుంటే మిగిలినవి నిలబడి ఉంటాయి. 1954లో కంట్రీ గాయకుడు వెబ్ పియర్స్ పాడిన 'స్లోలీ' పెద్ద హిట్టయినప్పుడు, అందులో బడ్ ఐజాక్స్ స్వరం మోగుతుండగానే పెడల్ తొక్కిన ఆ జారుడు విని స్టీల్ వాయించేవాళ్లు చాలామంది తమ గిటార్లకి పెడళ్లు బిగించుకున్నారు. అంతకుముందూ పెడళ్లున్నాయి. కాకపోతే అవి ఎక్కువగా ఒక ట్యూనింగ్ నుంచి ఇంకో ట్యూనింగ్‌కి మారడానికే పనికొచ్చేవి. ఈ వాయిద్యం గొంతు పుట్టింది ఆ కదలికలోనే. కాబట్టి కొత్త చార్టు చూసినప్పుడు ముందు పెడళ్ల గడులు చదవండి, తర్వాతే తీగల పేర్లు.

రెండో కొలమానం, ఒకే స్వరం ఎన్ని స్థాయుల్లో దొరుకుతుందన్నది. ఇ9లో ఇ, బి, జి షార్ప్, ఎఫ్ షార్ప్ రెండేసి తీగల మీద ఉన్నాయి. అందుకే ఎ పెడల్ (ఎ, బి అన్నవి పెడళ్ల పేర్లు కూడా, అదే పేరున్న స్వరాలతో వాటికి సంబంధం లేదు) రెండు బి తీగలనీ ఒకేసారి లాగుతుంది, పైన నేర్చుకున్న పట్టు (కలిపి మీటే తీగల ఎంపిక) కింద కూడా పనిచేస్తుంది. కొత్త ట్యూనింగ్‌లో ఈ జంటలు పోతే పట్టులన్నీ మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి.

మూడోది శ్రుతి శుద్ధత. దీన్ని చాలామంది చివరికి వదిలేస్తారు, ఆ తర్వాత ట్యూనింగ్ బాగా మోగట్లేదని బాధపడతారు. శుద్ధమైన మేజర్ థర్డ్, ట్యూనర్ చూపించే సమశ్రుతి (ఆక్టేవ్‌ను పన్నెండు సమాన భాగాలు చేసే పద్ధతి) థర్డ్ కంటే దాదాపు 14 సెంట్లు తక్కువ. సెంటు అంటే అర మెట్టులో, అంటే ఒక ఫ్రెట్ దూరంలో, నూరో వంతు. స్టీల్ మీద స్వరం చాలాసేపు నిలుస్తుంది కాబట్టి ఆ 14 సెంట్ల తేడా చెవికి గరగరలాడుతూ తెలిసిపోతుంది. ఇ9 వాయించేవాళ్లు జి షార్ప్ తీగలను కావాలని కొంచెం దించి పెట్టుకునేది అందుకే. ఏ ట్యూనింగ్ అయినా ఎక్కడో ఒకచోట రాజీ పడుతుంది. ఆ రాజీ మీరు ఎక్కువగా వాయించే చోట పడకుండా చూసుకోవాలి.

ఇక యంత్రం సంగతి. మీ చేంజర్‌లో (తీగ చివర దాన్ని బిగించే, వదులు చేసే యంత్రంలో) ఒక్కో తీగకి ఎన్ని రైజులు (ఎత్తడాలు), ఎన్ని లోయర్లు (దించడాలు) పెట్టగలరు? ఆల్-పుల్ (రాడ్లన్నీ లాగే పద్ధతిలోనే పనిచేసే) గిటార్‌లో రాడ్లూ, వాటిని లాగే బెల్ క్రాంకులూ మార్చుకోవడం ఓపిక ఉంటే ఇంట్లోనే అయ్యే పని. లాగడం, తోయడం రెండూ వాడే పాత పుష్-పుల్ గిటార్ అయితే మాత్రం ప్రయోగాలకి దాన్ని వాడొద్దు. దాని సర్దుబాట్లు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి, ఒక్కటి కదిపితే మిగతావన్నీ మళ్లీ చూసుకోవాలి.

చివరిగా, తోడు. పాఠాలు, టాబులు, పక్కనుండి "ఇక్కడ ఎ పెడల్ సగం వదులు" అని చెప్పగలిగే మనిషి. ఇ9కి ఇవి దండిగా ఉన్నాయి. సి6కి తక్కువైనా ఉన్నాయి. సొంత ట్యూనింగ్‌కి మీరు తప్ప ఎవరూ లేరు.

మూడు పది తీగల ట్యూనింగ్‌లనూ పక్కపక్కన పెడితే ఇలా ఉంటాయి. 1వ తీగ మీకు అన్నిటికంటే దూరంగా ఉండేది.

| తీగ | ఇ9 | సి6 | థర్డ్‌ల దొంతర |
|---|---|---|---|
| 1 | ఎఫ్ షార్ప్ | జి | జి షార్ప్ |
| 2 | డి షార్ప్ | ఇ | ఇ |
| 3 | జి షార్ప్ | సి | సి షార్ప్ |
| 4 | ఇ | ఎ | ఎ |
| 5 | బి | జి | ఎఫ్ షార్ప్ |
| 6 | జి షార్ప్ | ఇ | డి |
| 7 | ఎఫ్ షార్ప్ | సి | బి |
| 8 | ఇ | ఎ | జి |
| 9 | డి | ఎఫ్ | ఇ |
| 10 | బి | సి | సి |

## మొదటి దారి: ఇ9ని వదలకుండా ఒకటి రెండు మార్పులు

ఇ9 ఎందుకింత కాలం నిలబడిందో చూడాలంటే బార్‌ను ఒకే ఫ్రెట్ మీద ఉంచి చూడండి. ఏమీ తొక్కకపోతే ఇ మేజర్. ఎ, బి పెడళ్లు కలిపి తొక్కితే బి తీగలు సి షార్ప్‌కి, జి షార్ప్ తీగలు ఎ కి వెళ్లి ఎ మేజర్ అవుతుంది. పెడళ్లు వదిలి, ఇ తీగలను అర మెట్టు దించే లీవర్ నొక్కితే డి షార్ప్, బి, ఎఫ్ షార్ప్ కలిసి బి మేజర్. ఒక పాటకి కావలసిన మూడు ముఖ్యమైన కార్డులూ బార్ కదపకుండానే వచ్చేశాయి. దీనికి తోడు ఒకే కార్డ్‌ను మూడు చోట్ల పట్టుకోవచ్చు: జి మేజర్ కావాలంటే 3వ ఫ్రెట్‌లో ఏమీ తొక్కకుండా, 6వ ఫ్రెట్‌లో ఎ పెడల్, ఇ తీగలను ఎఫ్‌కి ఎత్తే లీవర్‌తో, 10వ ఫ్రెట్‌లో ఎ, బి పెడళ్లతో. ఇంత పొందిక ఒక్కరి ఆలోచనతో వచ్చింది కాదు. బడీ ఎమ్మన్స్, జిమ్మీ డే, రాల్ఫ్ మూనీ లాంటి స్టీల్ వాయించేవాళ్లు తలో పెడలూ తలో తీగా కలుపుతూ పోతే కుదిరింది. పైన ఉన్న ఎఫ్ షార్ప్, డి షార్ప్ తీగలు ఎమ్మన్స్ చేర్చినవే.

మరి విసుగెందుకు? నా అభిప్రాయంలో చాలామందికి విసుగు ఇ9 మీద కాదు, అందులో రెండు లోటుల మీద. అవి, మేజర్ ఉన్నచోటే దాని మైనర్ దొరకకపోవడం, కింద బరువైన స్వరాలు లేకపోవడం.

మొదటి లోటుకి మంచి మందు 5వ తీగ బి ని బి ఫ్లాట్‌కి దించే లీవర్. దాన్ని ఎ, బి పెడళ్లతో కలిపి వాడినప్పుడే అసలు అందం తెలుస్తుంది. ఎ పెడల్ తీగను సి షార్ప్‌కి ఎత్తుతుంది, లీవర్ దాన్ని అర మెట్టు వెనక్కి లాగి సి దగ్గర నిలుపుతుంది. ఇ, ఎ, సి కలిసి ఎ మైనర్. ఇ మేజర్ నుంచి ఎ మేజర్‌కి వెళ్లి, అక్కడ ఎ మైనర్‌గా కరిగి, మళ్లీ ఇ మేజర్‌కి చేరే ఆ దిగుడు బార్ కదలకుండా వస్తుంది. ఒక్క షరతు ఉంది. రైజూ లోయరూ ఒకేసారి పనిచేసినప్పుడు వచ్చే ఆ సి శ్రుతిలో ఉండాలంటే గిటార్‌లో స్ప్లిట్ ట్యూనింగ్‌కి ఏర్పాటు ఉండాలి. కొన్ని గిటార్లలో దానికి విడిగా స్క్రూ ఉంటుంది, కొన్నిటిలో అదనపు రాడ్‌తో సర్దుకోవాలి.

ఇంకో మార్పు, 6వ తీగ జి షార్ప్‌ను జి కి దించడం. ఇ మైనర్ నేరుగా చేతికొస్తుంది. చాలా గిటార్లలో ఈ తీగను ఎఫ్ షార్ప్‌కి దించే లీవర్ ఎలాగూ ఉంటుంది. దాని సగం దారిలో మోకాలికి తెలిసేలా చిన్న ఆపు పెట్టుకుంటే రెండూ ఒకే లీవర్‌లో వస్తాయి, కానీ ఆ సగాన్ని కచ్చితంగా పట్టుకోవడం సాధన మీద ఉంటుంది.

రెండో లోటుని మాత్రం లీవర్లతో తీర్చలేం. ఇ9 కింది తీగ బి. అంతకు కిందకి వెళ్లాలంటే తీగలు పెరగాలి, లేదా ట్యూనింగ్ మారాలి.

## రెండో దారి: సి6

సి6 గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే ఇది కొత్త దారేమీ కాదు. డబుల్ నెక్ గిటార్లలో రెండో నెక్ మీద దశాబ్దాలుగా ఉన్నదే. కానీ ఇ9 మాత్రమే తెలిసినవాళ్లకి ఇది వేరే లోకం. ఇ9 మూడు స్వరాల కార్డులతో ఆలోచిస్తే సి6 నాలుగైదు స్వరాలతో ఆలోచిస్తుంది.

డబుల్ నెక్‌లో మొదటి మూడు పెడళ్లు ఇ9 నెక్‌వి, అందుకే ఇక్కడి అంకెలు పెద్దవి. 5వ పెడల్ 5వ తీగ జి ని ఎఫ్ షార్ప్‌కి దించి, 9వ తీగ ఎఫ్‌ను ఎఫ్ షార్ప్‌కి ఎత్తుతుంది. సి, ఇ, ఎఫ్ షార్ప్, ఎ మిగులుతాయి, అంటే మూలస్వరం లేని డి9. 6వ పెడల్ ఒక ఇ ని ఎఫ్‌కి ఎత్తి ఇంకో ఇ ని ఇ ఫ్లాట్‌కి దించితే ఎఫ్7 వస్తుంది, కింద 9వ తీగ మీద ఎఫ్ మూలంగా నిలబడుతుంది. 8వ పెడల్ మూడు కింది తీగలను ఒకేసారి కదిపి ఎ7 ఇస్తుంది, ఆ బరువైన జారుడు విన్నవాళ్లు మరిచిపోరు. 7వ పెడల్ సి ని డి కి, ఎ ని బి కి ఎత్తితే కార్డ్ ఒక్కసారిగా వెడల్పవుతుంది. స్వింగ్, జాజ్ వాయించాలని మనసులో ఉంటే ఇన్ని రంగులు ఇంత సులువుగా ఇచ్చే ట్యూనింగ్ ఇంకోటి నాకు తెలియదు.

పోయేది ఏమిటంటే, ఇ9లోని ఆ ఏడుపు. ఎ పెడల్ నెమ్మదిగా వదులుతున్నప్పుడు గొంతు జీరబోయినట్టు వినిపించే కదలిక సి6లో అంత సహజంగా పలకదు. మీ వినికిడిలో పెడల్ స్టీల్ అంటే అదే అయితే, సి6ని ఇ9కి బదులుగా కాకుండా ఇ9తో పాటుగా తీసుకోండి.

## మూడో దారి: పన్నెండు తీగల యూనివర్సల్

ఇ9, బి6 రెండూ ఒకే నెక్ మీద ఉండేలా కుదిర్చిన ఏర్పాటు ఇది. నాకు దీని ఆలోచన చాలా ఇష్టం, ఎందుకంటే రెండు ట్యూనింగ్‌ల మధ్య దాగి ఉన్న బంధుత్వాన్ని ఇది బయటపెడుతుంది. పై నుంచి తీగలు ఎఫ్ షార్ప్, డి షార్ప్, జి షార్ప్, ఇ, బి, జి షార్ప్, ఎఫ్ షార్ప్, ఇ, బి, జి షార్ప్, ఇ, బి. ఇప్పుడు 4వ, 8వ తీగల ఇ లను డి షార్ప్‌కి దించే లీవర్ నొక్కి పట్టుకోండి. 4వ తీగ నుంచి కిందకి చదివితే డి షార్ప్, బి, జి షార్ప్, ఎఫ్ షార్ప్, డి షార్ప్, బి, జి షార్ప్, ఇ, బి. అక్షరాలా సి6నే అర మెట్టు కిందకి దించినట్టు! ఇ9లో రోజూ నొక్కే ఒక్క లీవర్‌లో ఇంకో ట్యూనింగ్ మొత్తం ఉంది. ఆ లీవర్‌ను అలాగే నిలిపి ఉంచే తాళం చాలా గిటార్లలో ఉంటుంది కాబట్టి మోకాలికి శ్రమ లేదు.

లోపాలు మూడు. ఇ9లో 9వ తీగగా ఉండే డి ఇక్కడ లేదు. దాన్ని 9వ తీగ బి ని ఎత్తే లీవర్‌తో తెచ్చుకోవాలి, అంటే ఆ తీగ మీద ఆధారపడ్డ పాత అలవాట్లు తప్పుతాయి. పన్నెండు తీగల మధ్య కుడిచేయి దారి వెతుక్కోవడానికి కొంతకాలం పడుతుంది. సి6 పాఠాలు వాడుకోవాలంటే ప్రతిదీ ఒక ఫ్రెట్ పైకి జరిపి చదవాలి. మూడూ సాధనతో తీరేవే. గిటార్ మార్చడమే పెద్ద నిర్ణయం.

## నాలుగో దారి: థర్డ్‌ల దొంతర

ఇందులో సూత్రం ఒక్కటే. కింద సి నుంచి మొదలుపెట్టి, మేజర్ థర్డ్, మైనర్ థర్డ్, మళ్లీ మేజర్, మళ్లీ మైనర్ అని పేర్చుకుంటూ పోవడం. సి, ఇ, జి, బి, డి, ఎఫ్ షార్ప్, ఎ, సి షార్ప్, ఇ, జి షార్ప్. పక్కపక్కనున్న ఏ మూడు తీగలు మీటినా మేజర్ గానీ మైనర్ గానీ పలుకుతుంది. ఏ నాలుగు మీటినా మేజర్7 గానీ మైనర్7 గానీ పలుకుతుంది. ఖాళీ మూల ఒక్కటీ లేదు.

విస్తృతి కూడా బాగుంటుంది. ఇ9లో కింది బి నుంచి పై జి షార్ప్ దాకా 21 అర మెట్లు. ఇందులో 32. పై జి షార్ప్ ఇ9 మూడో తీగకున్న స్థాయిలోనే ఉంటుంది, కింది సి సి6 పదో తీగ స్థాయిలో ఉంటుంది. అంటే తీగలు ఎక్కడో వెతకనక్కర్లేదు, చాలావరకు ఆ రెండు సెట్ల నుంచే ఏరుకోవచ్చు (మందాలు అంగుళంలో వెయ్యో వంతుల్లో): పైన 011, తర్వాత 014, 017, 020, ఆ కింద చుట్టిన 026, 034, 038, చివర 070 దరిదాపు. 8, 9 తీగలకి మాత్రం 048, 056 దగ్గర రెండు మూడు మందాలు పెట్టి చూసుకోవాలి.

పెడళ్లు ఎలా కట్టాలి? ఇ9 అలవాటుతో అందరికీ తోచేది, ఒక కార్డ్‌లోని ఐదో స్వరాన్ని పూర్తి మెట్టు, మూడో స్వరాన్ని అర మెట్టు ఎత్తడం. డి, ఎఫ్ షార్ప్, ఎ పలికే 6, 5, 4 తీగల మీద ఇది అద్భుతంగా పనిచేస్తుంది: ఎ ని బి కి, ఎఫ్ షార్ప్‌ను జి కి ఎత్తితే జి మేజర్. పైగా కింద 8, 7, 6 తీగలు ముందే జి, బి, డి. అంటే రెండు పెడళ్లు తొక్కగానే జి, బి, డి, జి, బి అని ఐదు తీగల నిండైన జి మేజర్ మోగుతుంది. తొక్కక ముందు అవే ఐదు తీగలు జి మేజర్9. మసకగా పరుచుకున్న కార్డ్ ఒక్క తొక్కుతో గట్టిపడి నిలబడటం ఇ9లో ఈ తీరుగా రాదు.

చిక్కు ఇక్కడే ఉంది. అదే ఉపాయం పై తీగల్లో కూడా కావాలని ఒకే పెడల్‌కి రెండు తీగలు కట్టారనుకోండి. ఎ, సి షార్ప్, ఇ పలికే 4, 3, 2 తీగల్లో ఇ ని ఎఫ్ షార్ప్‌కి ఎత్తాలి, కానీ అదే పెడల్ ఎ ని బి కి ఎత్తేస్తుంది. డి కార్డ్‌కి ఐదో స్వరమైన ఎ, ఈ కార్డ్‌కి మూలస్వరం. ఒక ఇంటికి మేలు చేసిన పెడల్ పక్కింటి పునాది లాగేసినట్టవుతుంది. ఈ ట్యూనింగ్‌లో ప్రతి తీగా రెండు మూడు కార్డులకి ఉమ్మడి కాబట్టి ఇ9లోలా జంటలుగా కట్టే పద్ధతి పనికిరాదు. ఒక్కో పెడల్‌కి ఒక్కటే తీగ. నేను సూచించే ఏర్పాటు ఇది:

| మీట | తీగ | మార్పు | ఏమిస్తుంది |
|---|---|---|---|
| 1వ పెడల్ | 4 | ఎ నుంచి బి | 2వ పెడల్‌తో కలిపి జి మేజర్ |
| 2వ పెడల్ | 5 | ఎఫ్ షార్ప్ నుంచి జి | పైదే |
| 3వ పెడల్ | 3 | సి షార్ప్ నుంచి డి | 4వ పెడల్‌తో కలిపి ఐదు తీగల డి మేజర్ |
| 4వ పెడల్ | 2 | ఇ నుంచి ఎఫ్ షార్ప్ | పైదే |
| లీవర్ | 5 | ఎఫ్ షార్ప్ నుంచి ఎఫ్ | జి7, డి మైనర్ |
| లీవర్ | 3 | సి షార్ప్ నుంచి సి | డి7, ఎ మైనర్ |
| లీవర్ | 1 | జి షార్ప్ నుంచి జి | ఎ7 |
| లీవర్ | 7 | బి నుంచి బి ఫ్లాట్ | జి మైనర్, సి7 |

ఎనిమిది మీటలకి ఎనిమిది రాడ్లే. ఒక్కో తీగకి గరిష్ఠంగా ఒక రైజు, ఒక లోయరు. చేంజర్‌కి ఇది చాలా తేలిక, పెడళ్లు తొక్కినప్పుడు గిటార్ పెట్టె వంగి మిగతా తీగల శ్రుతి దిగే ఇబ్బంది కూడా తగ్గుతుంది. పక్కపక్క పెడళ్లు రెండు కలిపి తొక్కడం పాదానికి అలవాటే. నాలుగూ కలిపి తొక్కితే 6 నుంచి 2 వరకు జి మేజర్7 వస్తుంది గానీ ఒక పాదంతో అది కష్టం, దాన్ని నమ్ముకోకండి. 1వ తీగను పైకి లాగాలని కూడా ఆశపడొద్దు. 011 తీగ జి షార్ప్ దగ్గర ఇప్పటికే బిగువు అంచులో ఉంటుంది. ఇ9లో దాన్ని ఎ కి లాగితేనే తరచూ తెగుతుంది.

శ్రుతి గురించి ఇందాక చెప్పింది ఈ ట్యూనింగ్‌లో పూర్తిగా బయటపడుతుంది. ప్రతి థర్డ్‌నీ చెవికి తియ్యగా, శుద్ధంగా పెట్టుకుంటూ కింది నుంచి పైకి వెళ్లండి. పైకి చేరాక 2వ తీగ ఇ, 9వ తీగ ఇ కంటే రెండు స్థాయులు పైన ఉండాలి. ఉండదు. 21, 22 సెంట్లు ఎక్కువ ఉంటుంది. మీ చెవి తప్పు కాదు, తీగ తప్పు కాదు. సి, జి, డి, ఎ, ఇ అని నాలుగు శుద్ధ పంచమాలు ఎక్కితే చేరే ఇ, సి మీద శుద్ధ థర్డ్‌గా దొరికే ఇ, రెండూ వేర్వేరు స్వరాలు. దీనికి రెండు మార్గాలున్నాయి. అన్నిటినీ సమశ్రుతికి పెట్టి థర్డ్‌ల గరుకును భరించడం ఒకటి. థర్డ్‌లను శుద్ధంగా ఉంచి, కింది ఇ ని సి కార్డ్‌కి, పై ఇ ని ఎ కార్డ్‌కి కేటాయించి, ఆ రెండు తీగలను ఎప్పుడూ కలిపి నిలపకపోవడం రెండోది. నా ఓటు రెండోదానికే. ఈ ట్యూనింగ్ అందమంతా థర్డ్‌ల తియ్యదనంలో ఉన్నప్పుడు దాన్నే వదులుకోవడంలో అర్థం లేదు.

అసలు లోటు ఇంకోటి ఉంది. మెలొడీ. పక్క తీగల మధ్య ఎక్కడ చూసినా థర్డే, పక్కపక్క స్వరాలు లేవు. ఇ9లో పై ఎఫ్ షార్ప్, డి షార్ప్ తీగలు 4వ తీగ ఇ కి అటూ ఇటూ ఉండి బార్ కదపకుండానే చిన్న చిన్న పలుకులు ఇస్తాయి. ఇక్కడ అలాంటి పరుగులకి పెడల్‌నో బార్‌నో కదపాల్సిందే. ఒక స్వరానికి దగ్గరి స్థాయిలో జోడీ కూడా ఉండదు, ఆక్టేవ్‌లు కావాలంటే పెడళ్లతో పుట్టించుకోవాలి. పాట వరసను గొంతులా పాడించడమే మీకిష్టమైతే ఇది మీ ట్యూనింగ్ కాదు.

## ఒక్కచోట చూస్తే

| | సవరించిన ఇ9 | సి6 | యూనివర్సల్ | థర్డ్‌ల దొంతర |
|---|---|---|---|---|
| బార్ కదపకుండా కార్డ్ మార్పులు | చాలా, మూడు స్వరాలవి | చాలా, నాలుగైదు స్వరాలవి | రెండూ | బాగానే, తీగల గుంపు గుంపుకీ వేరు |
| కింది స్వరాలు | తక్కువ | లోతైనవి | లోతైనవి | లోతైనవి |
| మెలొడీ పరుగులు | చాలా సులువు | మధ్యస్థం | చాలా సులువు | కష్టం |
| శ్రుతి రాజీ | తెలిసినదే, సర్దుకోవచ్చు | తక్కువ బాధ | ఇ9లాంటిదే | పెద్దది, ముందే నిర్ణయించుకోవాలి |
| యంత్రం పని | ఒకటి రెండు రాడ్లు | అన్నీ మార్చాలి లేదా రెండో నెక్ | వేరే గిటార్ | అన్నీ మార్చాలి, రాడ్లు తక్కువ |
| పాఠాలు, తోడు | దండిగా | ఓ మాదిరి | రెండిటివీ కొంత అనువదించుకుని | లేవు |

## ఎవరికి ఏది

బ్యాండులో వాయిస్తూ, గాయకుడి వెనక ఖాళీలు నింపేవాళ్లు ఇ9ని వదలకండి. బి ని బి ఫ్లాట్‌కి దించే లీవర్ లేకపోతే అది పెట్టించుకోండి, అంతే. మీకు కొత్త ట్యూనింగ్ ఇవ్వగలిగిన రంగుల్లో చాలావరకు ఆ ఒక్క లీవర్‌లో ఉన్నాయి. దాన్ని పూర్తిగా వాడటం రాకముందే ఇంకోదానికి వెళ్లడం తొందరపాటు అంటాను.

రెండు రకాల సంగీతం సమానంగా ఇష్టమై, గిటార్ మార్చే వీలున్నవాళ్లకి యూనివర్సల్. డబుల్ నెక్ బరువు మోయలేక సి6ని పక్కన పెట్టినవాళ్లకి మరీనూ. స్వింగ్, జాజ్ ఒక్కటే లోకమైతే సి6 నేరుగా తీసుకోండి, మధ్యలో ఏ ప్రయోగమూ అక్కర్లేదు.

ఒంటరిగా వాయించేవాళ్లు, నెమ్మదిగా పరుచుకునే కార్డులతో మనోధర్మంగా కల్పించుకుంటూ పోయేవాళ్లు, స్వరరచన చేసేవాళ్లు, వీళ్లకి థర్డ్‌ల దొంతర నిజంగా పనికొస్తుంది. కంట్రీ సంగీతంలో పెరిగిన సూసన్ ఆల్కార్న్ ఈ వాయిద్యాన్ని స్వేచ్ఛగా కల్పించుకుంటూ వాయించే సంగీతంలోకి తీసుకెళ్లి, దాని హద్దులు ఎంత దూరం జరపవచ్చో చూపించింది. కొత్త సంగీతం కోసం కొత్త ట్యూనింగ్ తప్పనిసరేమీ కాదు. కానీ చేతికి అలవాటైన దారులు మూసుకుపోవడం కొందరికి మేలు చేస్తుంది. మీరు ఆ కోవలోవాళ్లయితే మీకే తెలుస్తుంది.

పెడల్ స్టీల్ నేర్చుకోవడం ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినవాళ్లకి నా సలహా గట్టిగానే చెప్తాను: నాలుగో దారి వద్దు. శ్రుతి తప్పింది బార్ వల్లా, పెడల్ వల్లా, ట్యూనింగ్ వల్లా అని తేల్చుకునే చెవి ముందు రావాలి. ఆ చెవిని తయారుచేసే పాఠాలన్నీ ఇ9లో ఉన్నాయి.

## రాడ్లు విప్పే ముందు

దొంతర వైపు మొగ్గితే ముందు పెడళ్ల జోలికి పోకుండా తీగలు మాత్రం మార్చి బార్‌తోనే కొన్నాళ్లు వాయించండి. పాత రాడ్లు అలాగే ఉంటాయి కాబట్టి ఆ సమయంలో పెడల్ తొక్కితే ఏదో ఒక స్వరానికి పోతుంది, దాన్ని బట్టి తీర్పు ఇవ్వకండి. పట్టులు చేతికి నచ్చుతున్నాయా, కింది తీగలు మీ పికప్‌తో బురదగా మోగుతున్నాయా అన్నది ఈ దశలోనే తేలిపోతుంది.

తీగల మందం మారినప్పుడు నట్ దగ్గర రోలర్లు చూసుకోండి. కొన్ని గిటార్లలో ఒక్కో రోలర్ గాడి ఒక్కో మందానికి సరిపడా కోసి ఉంటుంది. 017 ఉన్నచోట 026 పెడితే తీగ పైకి లేచి నిలబడుతుంది, బార్ పక్క తీగను సరిగా తాకక జిరజిరమంటుంది. అలా ఉంటే రోలర్లను కూడా తీగలతో పాటు చోటు మార్చాలి.

తర్వాత కాగితం మీద ఒక్కో తీగకి కావలసిన రైజులు, లోయర్లు రాసుకుని మీ చేంజర్‌తో పోల్చండి. గిటార్ తిరగేసి, ఏమీ ముట్టుకోకముందే అడుగు భాగమంతా ఫోటోలు తీయండి. తీసిన ప్రతి రాడ్‌కీ ఏ తీగది, బెల్ క్రాంక్‌లో ఏ గాడిలో ఉండేది అని చీటీ కట్టండి. పాత ఏర్పాటుకి తిరిగి రావాలంటే ఆ చీటీలే దిక్కు.

కొత్త రాడ్లు బిగించేటప్పుడు, చేంజర్ వేలిలో ఇరుసుకి దగ్గరగా ఉన్న రంధ్రంలో పెడితే పెడల్ ప్రయాణం తగ్గుతుంది, తొక్కుడు గట్టిపడుతుంది. దూరపు రంధ్రంలో పెడితే తొక్కుడు మెత్తబడుతుంది, ప్రయాణం పెరుగుతుంది. 1, 2 పెడళ్లు ఎప్పుడూ కలిసే వెళ్తాయి కాబట్టి రెండిటి ప్రయాణం సమానంగా ఉండేలా సర్దండి. ఒకటి పూర్తి మెట్టు, ఇంకోటి అర మెట్టు కనుక మొదటి ప్రయత్నంలో కుదరదు. ముందు ఈ రెండు పెడళ్లూ, ఎఫ్ షార్ప్‌ను ఎఫ్‌కి దించే లీవరూ పెట్టి ఆపండి. ఖాళీ తీగలను తలవైపు కీలతో శ్రుతి చేసి, ఆ తర్వాత పెడల్ తొక్కి పట్టుకుని చివర ఉన్న నైలాన్ మరలతో ఎత్తిన స్వరాన్ని సరిచేయండి. 3, 4 పెడళ్లు, మిగిలిన మూడు లీవర్లు, ఈ మొదటి మూడూ శ్రుతిలో నిలబడ్డాక పెట్టుకోవచ్చు.